గాలిగొట్టంతో సముద్రం దాకా

మా తిరుపతి వాళ్ళకు ప్రయాణాలు తక్కువ. లోకమంతా మా వీధిలోకే వచ్చి, గుండు చేయించుకొని, లడ్లు కట్టించుకొని వెళ్తుంటే మేం ఎక్కడికని పోతాం? నలభై నాలుగేళ్ళలో నేను చూసిన దూరాలు మూడే. పెళ్ళికి పలమనేరు, పెళ్ళయ్యాక మామగారి పొలం పంచాయితీకి చిత్తూరు, కంటి అద్దాలకు మద్రాసు. అంతకు మించి నా కాళ్ళు తిరిగింది కుట్టుమిషను మీదే.

అటువంటివాణ్ణి మొన్న సముద్రం ఒడ్డున విమానాలు దిగే చోటికి వెళ్ళి, ఒక రాత్రి అక్కడే పడుకొని వచ్చాను. వచ్చినప్పటి నుంచి అంగట్లో కొలతలిచ్చేవాళ్ళ కంటే ఆ సంగతి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికి మొదటి నుంచి చెప్పేసరికి ఒక జాకెట్టు కుట్టే పొద్దు పోతోంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. అడిగినవాళ్ళు చదువుకోండి, నన్ను పని చేసుకోనివ్వండి.

బయలుదేరక ముందు

ఇదంతా ఒక ప్యాంటుతో మొదలైంది. మా ఊరి కంటి డాక్టరుగారి అమ్మాయి వసుంధర మద్రాసులో విమానం నడపడం నేర్చుకుంటోంది. ఆడపిల్లకు నేను కుట్టిన మొదటి ప్యాంటు ఆమెదే. కొలతలప్పుడు వాళ్ళమ్మ పక్కన కూర్చొని "వదులుగా మునిరత్నం, ఇంకా వదులుగా" అంటే, ఆ పిల్ల "పెడలు తొక్కాల మాస్టరూ, కాళ్ళకి అడ్డం పడకూడదు" అంది. ఇద్దరి మాటా కాదనకుండా కుట్టాను. ఆ ప్యాంటు చూసుకొనే నా మీద నమ్మకం కుదిరిందేమో, ఈమధ్య ఒక కాగితం మీద బొమ్మ గీసి, ఆరు గజాల నారింజరంగు పలచని గుడ్డ తెచ్చి ముందర పెట్టింది.

బొమ్మలో ఉన్నది గాలిగొట్టం. తెలియనివాళ్ళకు చెప్తాను. విమానాలు దిగేచోట ఎత్తు స్తంభానికి ఒక గుడ్డగొట్టం కడతారు. ఒకవైపు పెద్ద మూతి, దానికి ఇనపచక్రం. ఇంకోవైపు చిన్న మూతి. గాలి పెద్ద మూతిలో దూరితే గొట్టం నిండి, గాలి పోయేవైపు తోక చాపుతుంది. పైనున్నవాళ్ళు దాన్ని చూసి గాలికి ఎదురుగా దిగుతారు. ఎదురుగా దిగితే బండి తొందరగా ఆగుతుంది. గాలి వెనకనుంచి తోస్తే ఆగదు.

"పోయిన నెల సముద్రం ఒడ్డున ఉప్పుగుంటపాళెంలో ఒంటరిగా దిగి రావాల్సింది మాస్టరూ," అంది. "ఆడుండే గొట్టం చినిగిపోయుండాది. దిగకుండానే తిరిగొచ్చినాను. ఈసారి కూడా దిగకుండా వస్తే మళ్ళా నా ముందర నిలబడొద్దన్నాడు మా నేర్పే సారు. లైసెన్సు మాట ఇంక మర్చిపోవాల్సిందే."

మూడేళ్ళ చదువు, ఆ పిల్ల ఆశ, అంతా ఒక గుడ్డగొట్టానికి వేలాడుతోందని నాకు అర్థమైంది. అర్థమయ్యాక ఊరికే కుట్టగలనా? ఆ గుడ్డ చూస్తే దోమతెరంత పలచన. ఉప్పుగాలికి నెల తిరక్కుండా పీలికలవుతుందని, ఆమె అడక్కపోయినా మందపాటి ఖాకీ డ్రిల్లు గుడ్డతో లైనింగు వేశాను. అన్నివైపులా రెండేసి కుట్లు. మూతి దగ్గర మూడు. పదేళ్ళు చెక్కుచెదరదని నా భార్యతో అన్నాను. దాన్ని పోస్టులో పంపడానికి మనసొప్పక, దిగేటప్పుడు నేనే దగ్గరుండి చూడాలన్న ఆశ కూడా తోడై, ఆమె విమానం వచ్చే ముందురోజు బస్సెక్కాను.

కాళహస్తి

చుట్టిన గొట్టం చంకలో, ఇనపచక్రం భుజాన. కండక్టరు నన్ను మెట్టు మీదే ఆపాడు.

"ఏందప్పా అది?"

"గాలిగొట్టం."

"గాలి యాడుండాది దాంట్లో?"

"ఇంకా ఎక్కలేదు."

ఆలోచించి అరవై పైసలకు లగేజీ టికెట్టు కొట్టాడు. పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ మాత్రం చక్రాన్ని వదిలి నా తలనే చూస్తోంది.

"తిరప్తి నించి వస్తా గుండు ల్యాకుండా వస్తుండావే నాయనా, మొక్కు తీరలేదా?"

"ఆ ఊరోణ్ణేనమ్మా. ఎప్పుడైనా చేయించుకోవచ్చులే అని ఎప్పుడూ చేయించుకోము."

ఆవిడకు ఆ జవాబు నచ్చలేదు. కాళహస్తి వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం చక్రం చూపించి, సర్కస్‌లో పులి దూకేది ఇదేనా అని అడిగింది. అవునన్నాను. అంత సంతోషపడిన మనిషికి కాదని ఎట్లా చెప్పేది?

కాళహస్తి బస్టాండు పక్క హోటల్లో నాలుగిడ్లీలు తిన్నాను. మా ఊర్లో చట్నీ అడిగితే యాత్రికుల లెక్కన చెంచాతో వేస్తారు. ఇక్కడ కారప్పొడిలో గుంట చేసి నూనె ధారగా పోశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ వదల్లేదు. కాఫీ నలభై పైసలు, పాలు చిక్కన.

నాయుడుపేట

నాయుడుపేటలో దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. రోడ్డు మీద లారీలు మద్రాసు వైపు, నెల్లూరు వైపు ఎడతెగకుండా పోతున్నాయి. మూడు రూపాయలకు భోజనం. అరిటాకు నిండా అన్నం, మామిడికాయ వేసిన చేపల పులుసు. మా దిక్కు చేపంటే చెరువు చేపే. ముల్లు ఏరుకొనే ఓపిక లేక నేను ముట్టను. ఇక్కడి చేప ముల్లు వదిలి తానే ఊడివచ్చింది. మూడోసారి అన్నం పెట్టించుకున్నాను.

వడ్డించే హోటలాయన చక్రం చూసి తానే కనిపెట్టాడు.

"ఇమానం మిట్టకా?"

విమానాలు దిగే చోటికి ఆ దిక్కు పేరు అదేనట. నేను ఔననగానే ఆయన గరిట పక్కన పెట్టి కూర్చున్నాడు.

"మద్రాసు దొరలు సొంత ఇమానాల్లో వస్తారబ్బయా. దిగుతారు, ఇసకలో కూసుంటారు, రొయ్యలు వేయించుకోని తింటారు, మళ్ళా ఎగిరిపోతారు. సముద్రం చూసేదానికంట. వాళ్ళూర్లో లేదా సముద్రం?"

"ఉండాది. నేను చూసినాను."

"మరి?"

ఇద్దరం కాసేపు ఆలోచించాం గానీ తేలలేదు. నాకు లోపల ఒకటే ఉబలాటం. రేపు ఈపాటికి విమానాన్ని చేత్తో తాకి ఉంటాను. ఆ మాట ఆయనతో అనేశాను. ఆయన నవ్వి, పెరుగు ఊరికే పోశాడు.

ఉప్పుగుంటపాళెం

అక్కడి నుంచి సముద్రం దాకా పోయే బస్సు రోజుకు రెండుసార్లే. అందులో మనుషుల కంటే ఖాళీ చేపల గంపలు ఎక్కువ. దారిలో ఉప్పుమడులు, వాటి అంచున గులాబిరంగు కాళ్ళ కొంగలు వందలకొద్దీ. బస్సు హారను కొడితే ఒక్కటీ తల ఎత్తలేదు. నేను మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి, కండక్టరుతో తిట్లు తిన్నాను.

విమానాశ్రయం అంటే మీరు ఏం ఊహించుకున్నారో తెలియదు. నేను మాత్రం అద్దాల తలుపులు ఊహించుకున్నాను. అక్కడ ఉన్నది యుద్ధకాలంలో తెల్లవాళ్ళు పోసిన పొడుగాటి సిమెంటు బాట. ఒక కొస ఊరి వైపు, ఇంకో కొస సముద్రం వైపు. పక్కన రేకుల షెడ్డు, ఒక స్తంభం, వేలాడదీసిన రైలుపట్టా ముక్క. వీటన్నిటికీ అధికారి పెంచలయ్య. ఖాకీ చొక్కా, కింద లుంగీ. వచ్చిన విమానం పేరు పుస్తకంలో రాసుకోవడం, పైలట్ల పుస్తకంలో దిగినట్టు సంతకం పెట్టి ముద్ర కొట్టడం ఆయన ఉద్యోగం.

ఇంతకూ సిమెంటు కనిపిస్తే కదా. ఈ కొస నుంచి ఆ కొస దాకా నెత్తళ్ళు ఆరేసి ఉన్నాయి. చిటికెనవేలంత చేపలు, వెండి పూత పూసినట్టు. మా దిక్కు తారురోడ్డు మీద వేరుశనక్కాయలు ఆరేస్తారు, బస్సులు వాటి మీదే పోతాయి. నాకు వింతేమీ అనిపించలేదు గానీ, విమానం దిగేదెట్లా అని అడిగాను.

"శబ్దం ఇనపడతానే పట్టా కొడతాను," అన్నాడు పెంచలయ్య. "ఆడోళ్ళు చీపుర్లతో వస్తారు. ఇమానం ఒక సుట్టు తిరిగేలోపల బాట శుభ్రం. ఇంత మంచి సిమెంటు యాడుండాది సామీ, ఊరికే పెడితే పాపం గదా."

"నువ్వెప్పుడైనా ఎక్కినావా?"

"నేనెక్కితే పట్టా ఎవురు కొడతారు?"

ఆ రాత్రి వాళ్ళింట్లో నెత్తళ్ళ వేపుడు. చిన్న చేపను తల, తోక, ముల్లుతో సహా నమిలేయడమే. పెంచలయ్య భార్య నా పక్కన కూర్చొని, ఆడపిల్ల ఒక్కతే విమానం నడుపుతుందన్న మాట నిజమేనా అని మూడుసార్లు అడిగింది. ప్యాంటు నేనే కుట్టానని చెప్పాక నమ్మింది.

మరునాడు పొద్దున

తెల్లారగానే గొట్టం ఎక్కించాం. పెంచలయ్య తాడు లాగుతుంటే నారింజరంగు గొట్టం ఎండలో మెరుస్తూ పైకి పోయింది. నా చేతిపని అంత ఎత్తున నేనెప్పుడూ చూడలేదు. ఎవరి పెళ్ళికి కుట్టిన కోటూ అంత గర్వం ఇవ్వలేదు. గాలి లేదేమో, గొట్టం నిమ్మళంగా వేలాడుతోంది. చద్దన్నం, ఎండుచేప తిని వచ్చి మళ్ళీ చూశాను. అట్లే వేలాడుతోంది.

అప్పుడు ఒడ్డు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఆర్ముగం తాత. పడవల తెరచాపలు కుట్టడం ఆయన పని. నడుముకు చేపలకత్తి, నోట్లో చుట్ట. స్తంభం కింద నిలబడి పైకి చూశాడు.

"ఏంది సామీ, ప్యాంటు ఆరేసినారా?"

"గాలిగొట్టం తాతా. గాలి లేదు, అందుకే కదలడం లేదు."

"గాలి లేదా?" తన తుండుగుడ్డ విప్పి ఎత్తి పట్టుకున్నాడు. అది టపటపా కొట్టుకుంటూ సముద్రం వైపు సాగింది. "ఇదేంది మరి? ఇంకొంచేపటికి ఈ గాలి తిరిగి సముద్రం నించి వస్తాది. పదిగంటలప్పుడు దినామూ తిరగాల్సిందే. మీ గొట్టం అప్పుడు గూడా ఇట్లే నిద్రపోతాది. దించు, చూస్తాం."

దించాం. దించేటప్పుడు, ఉప్పుకు తినేసిన తాడు పైన కప్పీ దగ్గర పుటుక్కున తెగి కింద పడింది. స్తంభం నున్నటి ఇనుము. ఎక్కేదానికి పట్టు లేదు. తాత గొట్టాన్ని బొటనవేలితో, చూపుడువేలితో నలిపి చూశాడు. లోపలి ఖాకీ గుడ్డ చూశాడు. నా రెండేసి కుట్లు చూశాడు.

"బలే గట్టిగా కుట్టినావు. ఒంటికి కుట్టేది వేరు సామీ, గాలికి కుట్టేది వేరు. ఇంత బరువు గాలి ఎత్తలేదు."

ఇరవై ఆరేళ్ళుగా గట్టిగా కుడతాడన్న పేరే నా అంగడిని నిలబెట్టింది. ఆ గట్టిదనమే ఇప్పుడు ఆ పిల్ల నెత్తిన పడబోతోంది. పైనుంచి చూసి గాలి లేదనుకొని, సముద్రం మీది తూర్పుగాలి వెనకనుంచి తోస్తుండగా సముద్రం వైపు నుంచి దిగిందంటే బాట చాలదు. లేదా ఏమీ తేలక మళ్ళీ తిరిగిపోతుంది, చదువంతా బూడిదవుతుంది. రెంటికీ కారణం నేనే. అప్పటికి తొమ్మిదిన్నర. ఆమె వస్తానన్నది పదికి.

లైనింగు విప్పడం తప్ప దారి లేదు. తాత కత్తితో ఒకవైపు, నేను బ్లేడుతో ఇంకోవైపు కూర్చున్నాం. నా కుట్టు నాకే లొంగలేదు. ఒక దారం కోస్తే పక్క దారం పట్టుకుంటుంది. పలచని గుడ్డ చినక్కుండా డ్రిల్లు మాత్రం ఊడదీయాలి. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకొనే తీరిక లేదు. మూతి దగ్గరి మూడో కుట్టుకు వచ్చేసరికి ఇంతగా కుట్టినందుకు నన్ను నేనే గట్టిగా తిట్టుకున్నాను. తాత మాత్రం చుట్ట ఆరకుండా పని చేస్తున్నాడు.

సగం పైగా విప్పామో లేదో, తాత తల ఎత్తి చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. "తిరిగినాది గాలి," అన్నాడు. ఆ వెంటనే దక్షిణం నుంచి తేనెటీగల మోత వంటి శబ్దం వినిపించింది.

రేకుల మీద

పెంచలయ్య పట్టా కొట్టాడు. పాళెం నుంచి ఆడవాళ్ళు చీపుర్లతో పరుగున వచ్చారు. వరసగా నిలబడి, ఒక్క ఊపులో నెత్తళ్ళను రెండు అంచులకు చిమ్ముకుంటూ పోయారు. విమానం మా నెత్తి మీదుగా ఒక చుట్టు తిరిగింది. తెల్లగా, చిన్నగా, నేననుకున్న దానిలో నాలుగో వంతు కూడా లేదు. మేం ఆఖరి కుట్టు తెంపాం. డ్రిల్లు మొత్తం ఊడి నా ఒళ్ళో పడింది.

గొట్టం తేలికైంది గానీ కట్టేదెక్కడ? తాడు లేదు. పడవ దగ్గరి నుంచి వెదురు తెచ్చి పాతేసరికి అరగంట. నేనేం ఆలోచించానో గుర్తు లేదు. చక్రం మెడలో వేసుకొని, కిటికీ ఊచల మీద కాలు పెట్టి షెడ్డు మీదికి ఎక్కాను. రేకులు కాళ్ళకు చురుక్కుమన్నాయి. తాత నా వెనకే ఎక్కి, జారకుండా నా మొలతాడూ పంచె కలిపి గట్టిగా పట్టుకున్నాడు. సముద్రానికి ఎదురుగా నిలబడి చక్రాన్ని రెండు చేతులతో తల మీదికి ఎత్తాను.

గాలి దాంట్లో దూరిన క్షణం చేతులకు తెలిసింది. గొట్టం ఒక్కసారిగా నిండి, నా వెనక ఊరి వైపు బిర్రుగా చాచుకుంది. ఆ లాగుడుకు భుజాలు ఊడి వస్తాయనిపించింది. ఇంత సంతోషం నాకు ఎప్పుడు కలిగిందో చెప్పలేను. కుట్టినప్పుడు కాదు, విప్పినాక కలిగింది.

విమానం రెండో చుట్టు తిరిగింది. కిందికి దిగుతున్నట్టే దిగి, మళ్ళీ పైకి లేచింది. తర్వాత ముక్కు దక్షిణానికి తిప్పి మద్రాసు దిక్కుగా సాగింది. శబ్దం చిన్నదైపోయింది. చీపుర్లు పట్టుకున్న ఆడవాళ్ళు ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోయారు.

"పోయినాది," అన్నాడు పెంచలయ్య కింద నుంచి. "దిగు సామీ."

"దించొద్దు," అన్నాడు తాత. "గాలి ఉండేదాకా తెర దించకూడదు."

నాకు దించాలని లేదు. దించితే ఆ పిల్ల చదువు అయిపోయిందని నేనే ఒప్పుకున్నట్టు. కళ్ళలో నీళ్ళు వస్తున్నా తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఎంతసేపు అట్లా నిలబడ్డానో తెలియదు. శబ్దం మళ్ళీ వినిపించింది. ఈసారి ఊరి వైపు నుంచి, కొబ్బరిచెట్ల తలలకు కాస్త పైనే, సముద్రానికి ముఖం పెట్టి వస్తోంది. అంటే గొట్టం చూసింది, గాలి చదివింది. చక్రాలు సిమెంటును తాకి, ఒకసారి ఎగిరి, మళ్ళీ తాకి, బాట మూడొంతులు కూడా అవకముందే నిలబడిపోయింది. చీపుర్లన్నీ ఒకేసారి పైకి లేచాయి.

నేను దిగేసరికి వసుంధర కిందికి దూకి, రెక్క పట్టుకొని నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం మిలమిలా. విమానాన్ని తాకాలన్న ఉబలాటం మర్చిపోయి ముందు నా తప్పు చెప్పుకున్నాను. లైనింగు సంగతి, బరువు సంగతి, విప్పిన సంగతి, అంతా చెప్పాను. చెప్పకుండా ఉంటే తిన్న అన్నం అరగదు నాకు.

అంతా విని ఆమె అన్న మాట ఇక్కడ రాయవచ్చునా అని తిరుపతిలో ఆమెనే అడిగాను. రాయండి మాస్టరూ అంది కాబట్టి రాస్తున్నాను.

"పోయిన నెల పాత గొట్టం కొంచెమే చినిగింది మాస్టరూ. గాలి ఎటుండాదో బాగానే కనపడినాది. నేల దగ్గరికి వచ్చేసరికి నాకే భయమేసింది. తిరిగిపోయి నెపం గొట్టం మీద పెట్టినాను."

"మరి ఈరోజు?"

"ఈరోజు కూడా అంతే. పోదామనే మద్రాసు దిక్కు తిప్పినాను. ఒకసారి ఎనక్కి తిరిగి చూస్తే మీరింకా చేతులెత్తుకోని అట్లే నిలబడుండారు. నేను పోతే చేతులు ఎప్పుడు దించాలో మీకెవరు చెప్తారు?"

పెంచలయ్య పుస్తకం తెచ్చి, వేళ రాసి, సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. ఆడవాళ్ళు విమానం చుట్టూ చేరి, తలుపు తడిమి, చక్రం తడిమి, ఆమె చెంపలు కూడా తడిమారు. తాత ఆమెకు ఒక కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చాడు. నీళ్ళు తాగి ఆమె సముద్రం వైపు చూసింది, ఖాళీ స్తంభం వైపు చూసింది, తర్వాత నా వైపు.

"ఎగిరేదానికి కూడా గాలి చూడాల మాస్టరూ."

ఆమె విమానం ఎక్కింది. నేను చక్రం మెడలో వేసుకొని మళ్ళీ షెడ్డు మీదికి ఎక్కాను.